నాగులమ్మ బోరింగు

నీళ్ళ రంజను పగిలిన చప్పుడుకు కొట్టంలో పడుకున్న బర్రె లేచి నిలబడింది.

పగలగొట్టింది మనీష. రోకలి ఇంకా ఆమె చేతిలోనే ఉంది. నీళ్ళు మామ మంచం కిందికి పారి, అక్కడ ఆగి, నేలలోకి ఇంకుతున్నాయి.

"చెప్పు మామా. గీ నీళ్ళు ఏడియి?"

రఘుపతి మంచం మీద కూర్చుని ఉన్నాడు. కోడలి వైపు చూడాలంటే మెడ తిరగదు. రెండు చేతులూ మంచం పట్టెకు ఆనించి నడుముతో సహా మొత్తం మనిషి తిరిగాడు.

"అడిగినప్పుడల్ల నల్లా నీళ్ళేనంటివి గదా?"

నిన్న నల్లగొండలో పళ్ళ డాక్టరు అఖిల నోరు తెరిపించి చూశాడు. ఎనిమిదేళ్ళ పిల్ల. పాలపళ్ళు ఊడి కొత్తగా వచ్చిన ముందరి పళ్ళ మీద సుద్దతో గీసినట్టు తెల్లటి చారలు, మధ్యలో తుప్పు మరకలు. ఏ నీళ్ళు తాగుతారని అడిగాడు. మాది మర్రిగూడ దిక్కే కానీ పిల్ల పుట్టిన ఏడే కృష్ణ నీళ్ళు నల్లాలో ఇంట్లోకి వచ్చాయని మనీష చెప్పింది. డాక్టరు ఒప్పుకోలేదు. ఈ పిల్ల చిన్నప్పటి నుంచి ఫ్లోరైడు ఉన్న బోరు నీళ్ళు తాగింది, ఎక్కడ తాగిందో మీరే చూసుకోండి అన్నాడు.

ఈ పొద్దు చూసుకుంది. మధ్యాహ్నం తిని పత్తి చేనుకు పోయినట్టే పోయి సగం దారి నుంచి మళ్ళి వచ్చి గోడ చాటున నిలబడింది. తాత కన్ను మూయగానే పిల్ల వచ్చి, రంజను మీది మూత తీసి, గ్లాసు ముంచుకుని తాగింది.

"సల్లగ ఉంటయమ్మా" అంది అఖిల ఏడుస్తూ. "ఫ్రిజ్జు నీళ్ళు తాగితె గొంతు నొస్తది. ఇవి తాగొద్దంటడు తాత. తాత పండుకున్నంక తాగుత."

ఆ మాట అందరికంటే రఘుపతికే కొత్త. పట్టె మీద అతని వేళ్ళు బిగుసుకున్నాయి.

"ఎప్పటి సంది బిడ్డా?"

"ఎప్పుడూ తాగుత" అంది పిల్ల.

పొయ్యి దగ్గర నుంచి అత్త కౌసల్య వచ్చింది. చేను నుంచి రాకేష్ వచ్చాడు. పెండ్లాం చేతిలో రోకలి, తండ్రి ముందు పెంకులు. ఏం జరిగిందో మనీష రెండు ముక్కల్లో చెప్పింది. రాకేష్ మంచం కింద గోనెసంచి తడుస్తోందని వంగి లాగాడు.

గోనె లేవలేదు. బరువుగా ఉంది.

రెండు చేతులతో లాగితే లోపలి నుంచి ఇనుప కడ్డీ జారి పెంకుల మీద పడింది. ఒక చివర ఎర్ర రంగు. రెండో చివర చేతులు పట్టి పట్టి అద్దంలా నునుపు తేలింది.

ఆ ఎరుపు ఊరందరికీ తెలుసు. ఊరి బయటి వాడ బోరింగుకు వేసిన రంగు అది. కృష్ణ నీళ్ళు వచ్చిన ఏడు సర్కారు వాళ్ళు వచ్చి, ఈ నీళ్ళు తాగొద్దని బోరింగుకు ఎర్ర రంగు పూసి, కొట్టే కడ్డీ ఊడదీసి పక్కన పడేసి పోయారు. ఆ కడ్డీ ఎటు పోయిందో ఎవరూ పట్టించుకోలేదు.

పట్టించుకున్నది ఇంకొకటి. కడ్డీ లేని బోరింగు మిట్టమధ్యాహ్నం కిర్రు కిర్రుమని మోగడం.

పోయి చూసిన వాళ్ళు లేరు. పొద్దు తిరిగాక చూస్తే బోరింగు చుట్టూ సిమెంటు గద్దె తడిసి ఉండేది. నాగులమ్మ నీళ్ళు కొట్టుకుంటోందని అనుకున్నారు. నాగులమ్మ ఆ నీళ్ళు తాగి తాగి నడుము వంగి, చివరికి నేల తప్ప ఏమీ చూడలేక, ఆ గద్దె మీదే బిందె పక్కన పోయిన మనిషి. ఇప్పటి పాస్టరు ఇస్రాయేలు తల్లి. కిర్రు వినబడితే వాడలో తలుపులు మూసుకునేవారు.

"బాపూ" అన్నాడు రాకేష్. "నాగులమ్మ గాదు. నువ్వా?"

రఘుపతి కడ్డీని చూస్తున్నాడు.

"ఊరంత దయ్యమని జడుసుకుంటుంటె" అంది కౌసల్య, "ఆ దయ్యానికి మూడుపూటల బువ్వ పెట్టింది నేనేనా?"

ఎవరూ నవ్వలేదు. ఆమె కూడా నవ్వడానికి అనలేదు.

"వాడోళ్ళు ఇరవై ఆరేండ్లు తాగిండ్రు" అన్నాడు రఘుపతి. "నావి ఎనిమిదే అయినయి."

"ఏంది అయ్యేది?" అన్నాడు రాకేష్.

"బోరింగు ఏపిచ్చింది నేను. తాగి వంగింది ఆళ్ళు. నేను గూడ తాగాలె. మెడ పడ్డది. నడుము గూడ పడుతాంది."

చేను బాగా కాసిందని చెప్పే రైతులా చెప్పాడు ఆ మాట. రాకేష్ ఒక అడుగు వెనక్కి వేశాడు.

కౌసల్య గుమ్మంలోనే కూలబడింది. "మూడేండ్ల కింద నాతోనే బాప్తిస్మం తీసుకుంటివి. చర్చిల చెప్పులు ఇడిసే కాడ కూసుంటవు. ప్రభువు బల్లకు, రొట్టె రసం తీసుకోను రమ్మంటె 'అయినంక వస్త' అంటవు. ఏందో అయ్యేది ఉన్నదనుకున్న. గిదా?"

"ముందు నేను వంగాలె. అటెన్క బల్ల."

"నువ్వు వంగుడు గాదు మామా" అంది మనీష. గొంతు పెద్దది చేయలేదు. "నా బిడ్డ వంగుతది."

రోకలి గోడకు ఆనించి, పిల్ల చెయ్యి పట్టుకుని లోపలికి పోయింది. తలుపు గడియ పడింది.

నేల మీద నీళ్ళు ఆరాయి. ఆరిన చోట తెల్లటి చార మిగిలింది. పిల్ల పళ్ళ మీదున్న తెలుపే. ముగ్గురూ దాన్నే చూస్తూ కూర్చున్నారు. సాయంత్రం కౌసల్య పేడనీళ్ళు చల్లి అలికింది. ఆరగానే మళ్ళీ తేలింది.

*

ఆ మధ్యాహ్నమే ఇస్రాయేలును పిలవడానికి కడ్డీ భుజాన పెట్టుకుని రాకేష్ వాడలోకి పోయాడు. మొదటి ఇంటి అరుగు మీద గుర్వమ్మ కందులు చెరుగుతోంది. ఆమెకూ మోకాళ్ళు పోయాయి.

"ఏంది చిన్న పటేలా, మళ్ళ బోరింగు ఏపిస్తవా?" అంది. "ఇంక వంగనోళ్ళు ఎవలన్న మిగిలిన్రా మా వాడల?"

కడ్డీ మీది రంగు చూసింది. నవ్వు ఆగిపోయింది. చేట కింద పెట్టి, రెండు చేతులూ నేలకు ఆనించి లేచి ఇంట్లోకి పోయింది. తలుపు మూసిన చప్పుడు రాకేష్ వెనక వినిపించింది. పట్టపగలు, ఒక్కొక్క ఇంటి తలుపే, అతను నడిచిన కొద్దీ.

ఇస్రాయేలు పొద్దు గుంకే వేళకు వచ్చాడు. నలభై అయిదేళ్ళ మనిషి. మోకాళ్ళు మడవవు. కుర్చీలో కాళ్ళు బారజాపి కూర్చుంటాడు. అఖిల వచ్చి అతని పక్కన నిలబడి పెదవులు మూసుకుంది. నిన్నటి నుంచి ఆ పిల్ల నోరు తెరవకుండా నవ్వడం నేర్చుకుంది.

కౌసల్య పిల్లను లోపలికి పంపింది. తను తలుపు దగ్గర నిలబడింది. మనీష తలుపు లోపల నిలబడింది.

చిన్నప్పుడు ఇస్రాయేలును ఓరీ అని పిలిచిన రఘుపతి, నీళ్ళలో మునిగి లేచిన రోజు నుంచి అయ్యగారూ అంటాడు. ఇస్రాయేలుకు మాత్రం పటేలా అనే మాట నోటి నుంచి పోలేదు.

"నన్ను తిట్టుండ్రి అయ్యగారూ."

"తిడితే అదొక పని చేసినట్టయితది నీకు. తిట్ట."

బర్రె నెమరు చప్పుడు వినబడుతోంది.

"బోరింగు ఎందుకు ఏపిచ్చిన్నో ఎవ్వలకు చెప్పలె నేను" అన్నాడు రఘుపతి. కదలకుండా, ఎదురుగా గోడతో చెబుతున్నట్టు. "మీ వాడోళ్ళు నీళ్ళకు మా బాయికి వచ్చేటోళ్ళు. మేం చేది పోస్తె పట్టుకపోవాలె. మీ అమ్మ పొద్దటి సంది నిలబడేది. నాకు సైసలె. మా బాయి కాడికి రావొద్దని ఏపిచ్చిన. పైకి పుణ్యమన్న. సిమెంటు మీద దాత అని పేరు రాపిచ్చిన. మా బాయిల పైపై ఊట, మమ్మల నేం చెయ్యలె. బోరింగు లోతుకు పాయె. లోతు నీళ్ళల్ల ఏమున్నదో నాకు తెల్వదు. అది నిజంగ తెల్వదు."

"మా అమ్మకు తెలుసు."

"నీళ్ళ సంగతా?"

"నీ సంగతి. పటేలు బోరింగు ఇచ్చి బాయి గుంజుకున్నడనేది."

రఘుపతి కళ్ళు మూసుకున్నాడు.

"మరి నన్నెట్ల ఇడుస్తడు ప్రభువు? నేను చేసిన మంచే గట్లున్నది. ఇగ చెడు ఎవ్వలు చూడాలె?"

"గందుకే ఆయన నీ మంచిని అడుగలె. నమ్ముమన్నడు. నీతి మనం చేసి తెచ్చుకునేది గాదు పటేలా. ఆయనది మనకు కప్పుతడు."

"ఊకెనేనా? ఏమియ్యకుండనే?"

"ఊకెనే."

"ఊకెనే ఇచ్చేది నాకు వద్దు" అన్నాడు రఘుపతి. "ఊకెనే ఇచ్చుడు నాకెరుక. ఆ బోరింగు గూడ ఊకెనే ఇచ్చిన నేను."

ఇస్రాయేలు పద్దెనిమిదేళ్ళుగా వాక్యం చెబుతున్నాడు. ఎవరూ ఆ మాట అనలేదు. అతను వంగి కింద ఉన్న కడ్డీని అందుకుని, నునుపు తేలిన చివర మీద బొటనవేలు పెట్టాడు. పెట్టి, అక్కడే ఉంచాడు.

"నేనొకటి చెప్త" అన్నాడు. "చెప్పినంక నన్ను ఇంట్ల కూసోనిస్తవో లేదో నీ ఇష్టం."

కౌసల్య తలుపు పట్టుకుంది.

"ఆ కిర్రు నువ్వేనని మొదటి ఏడే నాకు తెల్సు. మా కిటికీ నుంచి బోరింగు కనబడుతది. మా అమ్మ దయ్యమైందని ఊరంత అంటుంటె నోరు మూసుకున్న. ఐతారం ఐతారం చెప్పేది ఏంది? క్రియలతోని గాదు, నమ్మకంతోనే అని. సోమారం మధ్యాన్నం కిటికీ కాడ కూసోని నువ్వు దోసిలి పట్టి తాగుడు చూసేది. తాగనీ అనుకునేది."

"అయ్యగారూ" అంది కౌసల్య.

"ఆగమ్మా. ఒకరోజు నేను ఎనకనుంచి పిలిస్తె నువ్వు మెడ తిప్పలేక మొత్తం మనిషివి తిరిగినవు. అచ్చం మా అమ్మ తిరిగినట్టె. ఆ రోజు నా కడుపు సల్లబడ్డది. ఇంటికి పొయ్యి కడుపునిండ తిన్న."

తలుపు తెరుచుకుంది. మనీష బయటికి వచ్చింది.

"అప్పుడే మా ఇంటికొచ్చి ఒక్క మాట చెప్పుంటె..."



"అవునమ్మా" అన్నాడు ఇస్రాయేలు. "పిల్ల పండ్ల మీది గీతలల్ల నాయి గూడ ఉన్నయి."

మనీష అతన్ని చూసింది, మామను చూసింది. ఎవరిని ముందు తిట్టాలో తెలియక ఇద్దరి మధ్యా నిలబడింది. చివరికి పోయి బర్రెకు గడ్డి వేసింది. అవసరం లేకపోయినా ఇంకో కట్ట వేసింది.

రఘుపతి ఇస్రాయేలునే చూస్తున్నాడు. ముప్పై ఏళ్ళలో మొదటిసారి తన ఎదురుగా తనలాంటి వాడొకడు కూర్చున్నట్టు.

"రేపు ఐతారం" అన్నాడు ఇస్రాయేలు లేస్తూ. "ఆరాధనయినంక బల్ల ఈడికే తెస్త. పాత్రుడవు నువ్వు గాదు. నేనసలే గాదు. ఇద్దరం తీసుకుందాం. ఏం చెయ్యకు. కూసోని ఉండు, చాలు."

గుమ్మం దాకా పోయి ఆగాడు.

"ఒకటి అడుగాల్నని ఉండె పటేలా. రోజుకు రెండుపార్లు ఎందుకు కొట్టేటోనివి?"

"రెండుపార్లా?"

"మిట్టమధ్యాన్నం ఒకపారి. అది చూసేది నేను. మళ్ళ బర్రెలు మళ్ళే యాల్లకు ఒకపారి. అప్పుడు నేను ప్రార్థనలకు పోయి ఉండేది, తొవ్వల ఇనబడేది."

రఘుపతి చేతులు పట్టెకు ఆనించి తిరిగాడు.

"నేను ఒక్కపారే పోయేది" అన్నాడు. "ఒక్క కుండనే."

కడ్డీ అందరి కాళ్ళ మధ్యా నేల మీద ఉంది. ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. ఇస్రాయేలు మడవని కాళ్ళతోనే ఆ రోజు ఇంటికి తొందరగా నడిచాడు.

*

ఆదివారం మిట్టమధ్యాహ్నం ఎనిమిదేళ్ళలో మొదటిసారి బోరింగు మోగలేదు.

ఆ వేళకు రఘుపతి కాళ్ళు వాటంతట అవే చెప్పుల కోసం వెతికాయి. కౌసల్య ఆ చెప్పులు తీసి దూలం మీద పెట్టలేదు. వద్దని అనలేదు. ఎదురుగా కూర్చుని చింతపండు గింజలు తీస్తూ ఉంది. అతను మూడుసార్లు లేవబోయి మూడుసార్లు కూర్చున్నాడు. చేసేది ఏమీ లేకుండా కూర్చోవడం కంటే బోరింగు కొట్టడమే తేలికని అతని మొహం మీద రాసి ఉంది.

బర్రెలు మళ్ళే వేళకు ఇస్రాయేలు వచ్చాడు. చేతిలో పళ్ళెం, మీద తెల్లగుడ్డ. రొట్టె ముక్కలు, మూడు చిన్న గ్లాసుల్లో ద్రాక్షరసం. ఒకటి రఘుపతికి, ఒకటి కౌసల్యకు, ఒకటి తనకు.

మనీష పిల్లను ముందు పెట్టుకుని తలుపు దగ్గర నిలబడింది. "నేను మీ దాంట్ల లేను" అంది. "చూస్త." రాకేష్ గోడకు ఆనుకున్నాడు. కడ్డీ గుమ్మానికి అడ్డంగా పడి ఉంది. సోమవారం మాల్‌ ఊళ్ళో పాత ఇనుముకు వేద్దామని అక్కడ పెట్టాడు.

"అయ్యగారూ" అన్నాడు రఘుపతి. "ఇది తీసుకున్నంక మెడ గిట్లనే ఉంటె?"

"ఉండనీ."

"పిల్ల పండ్లు?"

ఇస్రాయేలు పళ్ళెం మీది తెల్లగుడ్డ మడిచాడు. "అవి గూడ ఉంటయి. నమ్మితె మరకలు పోతయని నేను చెప్ప."

"మరి ఏం పోతది?"

"రేపు మధ్యాన్నం నువ్వు చెప్పులేసుకునే పని పోతది."

రఘుపతి అఖిల వైపు మొత్తం మనిషి తిరిగాడు. పిల్ల పెదవులు మూసుకునే చూసింది. తర్వాత ఏమనుకుందో, తెరిచింది.

"నొయ్యయి తాతా" అంది.

అతను రొట్టె తీసుకున్నాడు. నమిలాడు. కౌసల్య తీసుకుంది. మూడేళ్ళుగా ఆ పెదవులను ఆ పళ్ళెం దాకా తేవాలని ఆమె చేయని ప్రార్థన లేదు. ఇప్పుడు ఊపిరి బిగబట్టి కూర్చుంది. ఇస్రాయేలు గ్లాసు అందించాడు. రఘుపతి రెండు చేతులతో పట్టుకున్నాడు.

వాడ దిక్కు నుంచి కిర్రుమంది.

అందరూ విన్నారు. బర్రె చెవులు నిక్కబొడుచుకుంది.

కిర్రు. ఆగి, కిర్రు. ముసలి చేతులు కొట్టినట్టు, మెల్లగా.

రాకేష్ కడ్డీని చూశాడు. గుమ్మానికి అడ్డంగా, పెట్టిన చోటే ఉంది. మనీష పిల్ల చెవులు మూసింది.

రఘుపతి కుడి కాలు ముందుకు జరిగి చెప్పులో దూరింది. ఎనిమిదేళ్ళ అలవాటు. గ్లాసు చేతిలో ఒలికింది. రెండు చుక్కలు తొడ మీద పడ్డాయి.

కిర్రు.

అతను కాలు చెప్పులో నుంచి వెనక్కి తీశాడు. గ్లాసు ఎత్తి తాగాడు. చివరి చుక్క దాకా తాగి, ఖాళీ గ్లాసు పళ్ళెంలో బోర్లించాడు.

"నేను రాను" అన్నాడు. ఎవరితో అన్నాడో ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు.

కిర్రు ఆగలేదు.

కౌసల్య తన గ్లాసు తాగింది. పళ్ళెంలో ఒక గ్లాసు మిగిలింది, నిండుగా. కిర్రు వచ్చినప్పుడల్లా దాని మీద సన్నటి అల లేస్తోంది.

"అయ్యగారూ, మీరు తాగలె" అంది ఆమె.

ఇస్రాయేలు వినడం లేదు. కుర్చీ చేతులు పట్టుకుని లేచాడు. మొహంలో నెత్తురు లేదు. పదేళ్ళ కింద బిందె పక్కన పడి ఉన్న తల్లిని ఎత్తడానికి పోయిన రోజు ఎట్లా నడిచాడో అట్లా నడిచాడు.

"ఒక్కతే కొడుతాంది" అన్నాడు. "ఎప్పుడూ ఒక్కతే కొట్టేది."

మడవని కాలు ఎత్తి కడ్డీని దాటాడు.

"పోకుండ్రి అయ్యగారూ! కూసోని ఉంటె చాలని మీరే అంటిరి గదా!"

రఘుపతి అరిచాడు. అరుస్తూ అతని వైపు తిరిగాడు. భుజాలు కదిలినట్టు లేదు. మెడ ఒక్కటే, వడ్లగింజంత, తిరిగినట్టు కౌసల్యకు అనిపించింది. నిజంగా తిరిగిందో లేదో చూసే తీరిక ఆ క్షణాన ఎవరికీ లేదు.

ఇస్రాయేలు వెనక్కి చూడలేదు. వాడ దారిలో ఒక్కొక్క తలుపే మూసుకుంటున్న చప్పుడు ఇంట్లోకి వినబడుతోంది. అన్ని తలుపులూ మూసుకున్నాక, కిర్రు ఆగింది.

పళ్ళెంలో మూడో గ్లాసు నిండుగానే ఉంది.